స్పైనల్ ఇంజురీ వార్డు సిబ్బందికి ట్రైనింగ్: ఎవరికి, ఎక్కడ, ఏ వరసలో?

నల్లగొండ_ఫిజియో:

అందరికీ నమస్కారం. మా జిల్లాలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో 12 పడకల స్పైనల్ ఇంజురీ (వెన్నుపాము దెబ్బ) రిహాబ్ వార్డు మొదలవుతోంది. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికులు, సెంట్రింగ్ పనిలో మేడ మీంచి జారినవాళ్లు, బైకు యాక్సిడెంట్లు ఎక్కువగా వస్తాయి. ఆపరేషన్ హైదరాబాద్‌లో అయిపోయి, రెండు మూడు వారాలకు మా దగ్గరికి చేరతారు.

సిబ్బంది: ఇద్దరు ఫిజియోలు, ఒక ఓటీ (రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు), ఆరుగురు స్టాఫ్ నర్సులు, నలుగురు ఆయాలు, వార్డు బాయ్‌లు. పీఎంఆర్ (ఫిజికల్ మెడిసిన్, రిహాబ్) డాక్టరుగారు వారానికి రెండు రోజులు వస్తారు. ట్రైనింగ్‌కి మేనేజ్‌మెంట్ కొంత డబ్బు ఇస్తానంది గానీ ఇద్దరు ముగ్గుర్ని మించి బయటికి పంపలేం.

నాకు తెలియాల్సినవి: ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో నిజంగా పనికొచ్చేవి ఏవి? బయటికి ఎవరిని పంపాలి, ఎక్కడికి? ఇంగ్లిష్ రాని ఆయాలకు ఏం నేర్పాలి, ఎలా? మిగతా సెంటర్లతో పరిచయాలు పెంచుకోవడానికి దారి ఏమిటి? రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి కావాల్సిన క్రెడిట్ పాయింట్ల గొడవ కూడా ఎవరైనా విడమరిచి చెప్తే మేలు.

---

నర్స్‌ట్యూటర్_వైజాగ్:

సార్, కోర్సుల కన్నా ముందు మంచం దగ్గరి నుంచి మొదలుపెట్టండి. ఈ పేషెంట్లను మళ్లీ ఐసీయూకి పంపేది ఎక్కువగా పుండ్లు, మూత్రం ఇన్‌ఫెక్షన్, బీపీ ఒక్కసారిగా ఎగబాకడం. ఆ మూడూ నర్సు, ఆయా చేతుల్లో ఉంటాయి. అదీ రాత్రి డ్యూటీలో. మొదటి నెల ట్రైనింగ్ అంతా వాళ్లకే కేటాయించండి.

పొజిషన్ మార్చడం: మంచంలో రెండు గంటలకోసారి. పూర్తిగా పక్కకి తిప్పేస్తే తుంటి ఎముక మీద భారం పడుతుంది, కాబట్టి వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు. వెన్ను ఇంకా స్థిరపడలేదని సర్జన్ రాసి ఉంటే మొత్తం ఒంటిని ఒకే దుంగలా, కనీసం ముగ్గురు నలుగురు కలిసి తిప్పాలి. తలవైపు ఉన్నవాళ్లే లెక్క చెప్పాలి. ఆయాలు ఎక్కువగా చేసే తప్పు, పేషెంటుని ఎత్తకుండా దుప్పటి మీద ఈడ్చడం. త్రికాస్థి (నడుం కింద, పిర్రల మధ్య ఎముక) దగ్గర చర్మం ఆ రాపిడికే ఊడుతుంది. రెండోది, గాలి రింగు. రంధ్రం చుట్టూ ఒత్తిడి పెరిగి అక్కడ రక్తం ఆడదు, వార్డులో ఒక్కటి కూడా ఉంచకండి. మన చర్మం రంగుకి ఎరుపు అంత తేలిగ్గా కనపడదు, అందుకని వేలితో తాకి వేడిగా ఉందా, గట్టిగా ఉందా చూడటం నేర్పండి. ఒత్తిడి తీసిన అరగంటకి కూడా మచ్చ పోకపోతే ఆ వైపు పడుకోబెట్టడం ఆపెయ్యాలి.

మూత్రం: ఐవీ ఫ్లూయిడ్స్ ఆగి యూరిన్ అవుట్‌పుట్ నిలకడగా ఉన్నాక ఫోలీ (లోపలే ఉంచే క్యాథెటర్) తీసేసి సీఐసీకి (వేళకి క్యాథెటర్ వేసి, మూత్రం రాగానే తీసెయ్యడం) మారతారు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, పెద్దవాళ్లకి 12 లేదా 14 ఫ్రెంచ్ క్యాథెటర్. ఒక్కోసారి వచ్చేది 500 మి.లీ. దాటకూడదు. దాటుతుంటే ఎక్కడ తప్పిందో చార్టే చెప్తుంది: ఫలానా రోజు రాత్రి పదికి బదులు పన్నెండుకి పెట్టారు, 800 వచ్చింది. అప్పుడు నీళ్లు తగ్గించడం కాదు, వేళ సరిచెయ్యాలి. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగించాలి, సాయంత్రం ఏడు తర్వాత మాత్రం కొంచెం తగ్గించొచ్చు. మగవాళ్లకి కాండోమ్ క్యాథెటర్ తగిలించి ‘తడవట్లేదుగా’ అని వదిలేసే అలవాటు చాలా చోట్ల ఉంది. బ్లాడర్‌లో ఎంత మిగిలిందో చూడకుండా అలా వదిలేస్తే కిడ్నీలకి వెనక్కి తన్నుతుంది. ఇంకొకటి, మూత్రం మసకగా ఉందని మాత్రమే యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దని మీ డ్యూటీ డాక్టర్లకి కూడా చెప్పించండి. జ్వరం, స్పాస్టిసిటీ (కండరాల బిగుతు) పెరగడం, కొత్తగా లీకవడం లాంటివి తోడైతేనే కల్చర్ పంపించి మందు.

మోషన్: రిఫ్లెక్స్ (తాకితే పేగు తనంతట తనే స్పందించడం) ఉన్న పేషెంటుకి బిసాకోడిల్ సపోజిటరీ, తర్వాత జెల్లీ రాసిన గ్లౌజ్ వేలితో 15 నుంచి 20 సెకన్లు గుండ్రంగా తిప్పడం, 5 నుంచి 10 నిమిషాలకోసారి మళ్లీ. టిఫిన్ తిన్న అరగంట లోపల చేస్తే పేగు తనంతట తనే కదులుతుంది. సపోజిటరీ పనిచెయ్యలేదని నర్సులు అంటే ముందు అడగాల్సింది, మలంలో గుచ్చారా, గోడకి ఆనించారా అని. గోడకి తగలాలి. రిఫ్లెక్స్ లేని, నడుం కింది దెబ్బల్లో ఈ పద్ధతి పనిచెయ్యదు, వేలితో తియ్యాల్సిందే. అక్కడ మలం కాస్త గట్టిగా ఉండేలా ఆహారం, మందులు చూసుకోవాలి. ఏ పేషెంటు ఏ రకమో మంచం దగ్గర రాసి పెట్టండి.

ఇక ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా, అంటే మొదట చెప్పిన బీపీ ఎగబాకడం. టీ6 (ఛాతీ వెన్నులో ఆరో స్థాయి), ఆపైన దెబ్బ తగిలిన ప్రతి పేషెంటు విషయంలో దీన్ని అందరూ కంఠతా పట్టాలి, ఆయాతో సహా. ఎక్కడ పొరపాటు జరుగుతుందంటే, ఈ పేషెంట్ల మామూలు పైబీపీ 90, 100 ఉంటుంది. 140 చూసి ‘నార్మలే’ అనుకుంటారు. వాళ్లకి 20 నుంచి 40 పెరిగిందంటేనే ప్రమాదం. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. ఆ క్షణంలో చాలామంది మంచం చదును చేసి పడుకోబెడతారు. అది సరిగ్గా తలకిందులు పని. తల ఎత్తి కూర్చోబెట్టాలి, కాళ్లు కిందికి దించాలి, నడుం బెల్టు, లెగ్‌బ్యాగ్ పట్టీలు, బూట్లు వదులు చెయ్యాలి. క్యాథెటర్ ఉంటే మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడిమి మడతపడిందేమో చూడాలి, లేకపోతే వెంటనే క్యాథెటర్ వేసి ఖాళీ చెయ్యాలి. తర్వాత మలం, లిగ్నోకైన్ జెల్లీ పెట్టి కాసేపు ఆగాకే. ఆ తర్వాత చర్మం, గోళ్లు, దిండు కింద పడిన పెన్ను లాంటివి. బీపీ 2 నుంచి 5 నిమిషాలకోసారి. పైబీపీ 150 దాటి తగ్గకపోతే డాక్టరుగారు ముందే రాసిపెట్టిన ఆర్డరు ప్రకారం మందు. నైట్రేట్ ఇచ్చే ముందు గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ (అంగస్తంభన మందు) వేసుకున్నాడా అని అడగాలి, మొహమాటపడకూడదు. తగ్గాక కనీసం రెండు గంటలు గమనించాలి.

నేర్పే పద్ధతి ఒక్క మాటలో: మీరు చేసి చూపించండి, వాళ్లతో చేయించండి, పక్కన ఇంకొకరు చెక్‌లిస్టులో టిక్ కొట్టాలి. స్లైడ్లు వద్దు. ఆయాలకి పది నిమిషాలు, రోజూ డ్యూటీ మారే వేళకి, ఒకే విషయం వారమంతా. నైట్ డ్యూటీ వాళ్లని పగలు పిలవకండి, రాత్రి ఎనిమిదికి వచ్చినప్పుడే చెప్పండి. పేషెంటు భార్యో, తమ్ముడో కూడా అదే క్లాసులో కూర్చోవాలి, ఇంటికెళ్లాక అసలు నర్సింగ్ వాళ్లదే.

---

పీటీ_సికింద్రాబాద్:

మేడమ్ చెప్పినదంతా నిజమే. ఫిజియోల వైపు కొన్ని చెప్తాను.

ఆన్‌లైన్‌లో మొదటిది ఈలెర్న్‌ఎస్‌సీఐ. ఇంటర్నేషనల్ స్పైనల్ కార్డ్ సొసైటీ వాళ్లది, 2012 నుంచి ఉంది, ఉచితం. డాక్టర్లకి, నర్సులకి, ఫిజియోలకి, ఓటీలకి, పీర్ కౌన్సెలర్లకి (అదే దెబ్బతో బతుకుతూ సలహా ఇచ్చేవాళ్లు) వేరువేరు మాడ్యూళ్లున్నాయి. ఒకేసారి అన్నీ చూడమనకండి, వారానికి ఒకటి చూసి శనివారం అరగంట కూర్చుని మన వార్డులో దీన్ని ఎలా చేస్తాం అని మాట్లాడుకోండి. రెండోది ఫిజియోపీడియాలో స్పైనల్ ఇంజురీ పేజీలు. మూడోది ఫిజియోథెరపీ ఎక్సర్‌సైజెస్ అనే ఉచిత వెబ్‌సైట్, పేషెంటుకి బొమ్మలతో ఎక్సర్‌సైజు షీట్లు తయారుచేసుకోవచ్చు. చదవడం రాని వాళ్లకి బొమ్మలే దిక్కు. అమెరికాలోని పారలైజ్డ్ వెటరన్స్ సంస్థ వాళ్ల క్లినికల్ గైడ్‌లైన్లు కూడా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. బ్లాడర్, బవెల్ (మోషన్), చర్మం, ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అన్నీ ఉన్నాయి.

ఏసియా చార్టు (దెబ్బ ఏ స్థాయిలో, ఎంత తీవ్రమో స్పర్శ, కండరాల మార్కులతో రాసేది) వేయడం మాత్రం వీడియో చూసి రాదు. ఏసియా (అమెరికన్ స్పైనల్ ఇంజురీ అసోసియేషన్) సంస్థ సొంత ఆన్‌లైన్ ట్రైనింగ్ ఇన్‌స్టెప్ చేశాక కూడా ఇద్దరు ఫిజియోలు ఒకే పేషెంటుని వేరువేరుగా పరీక్షించి చార్టులు పక్కపక్కన పెట్టుకోవాలి. ఎక్కడ తేడా వస్తుందో నేను చెప్పగలను. పిన్‌ప్రిక్‌లో (పిన్నుతో గుచ్చి చూడటం) ‘గుచ్చినట్టుంది కానీ మొహం మీద అంత కాదు’ అంటే 1. మొన ఏదో మొద్దువైపు ఏదో చెప్పలేకపోతే, తాకినట్టు తెలుస్తున్నా సరే, 0. అనుమానమొస్తే పదిసార్లు అడగండి, కనీసం ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పాలి. కండరాల పరీక్ష అంతా వెల్లకిలా పడుకోబెట్టే. కూర్చోబెట్టి మోకాలు చాపమంటే మార్కు మారిపోతుంది. కాంట్రాక్చర్ (కీలు బిగుసుకుపోవడం) వల్ల కదలిక సగానికి పైగా తగ్గిపోయిన చోట మార్కు వెయ్యకుండా పరీక్షించలేదని రాయాలి.

అన్నిటికన్నా పెద్ద తప్పు మలద్వారం పరీక్ష వదిలేసి ‘ఏ’ (పూర్తి గాయం) అని రాసెయ్యడం. ఎస్4-5 (మలద్వారం చుట్టూ చిట్టచివరి నరాల భాగం) దగ్గర స్పర్శ గానీ పిన్ గానీ, వేలి ఒత్తిడి తెలియడం గానీ, బిగించగలగడం గానీ, ఏ ఒక్కటి ఉన్నా అది అసంపూర్ణ గాయం. ‘ఏ’ అని రాసుకొచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ నమ్మి కాళ్ల ఎక్సర్‌సైజులు మానేస్తే పేషెంటుకి అన్యాయం చేసినట్టే. చెట్టు మీంచి పడ్డ కేసుల్లో భుజం దగ్గరి నరాల గుత్తి దెబ్బతినో, చెయ్యి విరిగో ఉండొచ్చు. 2019 సవరణ ప్రకారం వెన్నుపాముతో సంబంధం లేని బలహీనత ఉంటే ఆ మార్కు పక్కన నక్షత్రం పెట్టి, కింద కారణం రాయాలి.

వార్డు బాయ్‌లకి ఫిజియోలు నేర్పాల్సినవి ముఖ్యంగా రెండు. మెడ దెబ్బ పేషెంటుని చంకల్లో చేతులేసి లాగొద్దు, భుజం జారుతుంది, ఆ నొప్పి ఏళ్ల తరబడి పోదు. సీ6 (మెడలో ఆరో స్థాయి దెబ్బ) పేషెంటు వేళ్లని, మణికట్టు వెనక్కి వంచి ఉన్నప్పుడు, చాపి సాగదీయొద్దు. మణికట్టు ఎత్తగానే వేళ్లు వాటంతటవే ముడుచుకునే పట్టు అతనికి దక్కిన ఒకే ఒక్క పట్టు. చెంచా, గ్లాసు దాంతోనే పట్టుకోవాలి. ‘వేళ్లు బిగుసుకుపోతున్నాయి’ అని సానుభూతితో మసాజ్ చేసే చుట్టాలు కూడా ఇదే చేస్తారు.

ప్రోగ్రెస్ చూడ్డానికి ఎస్‌సీఐఎం (పేషెంటు తన పనులు ఎంతవరకు తనే చేసుకోగలడో మార్కులు వేసే పట్టిక) మూడో వెర్షన్ వాడండి. మొత్తం 100: స్వయం సంరక్షణకి 20, శ్వాస, మలమూత్రాలకి 40, కదలికకి 40. అడ్మిషన్‌లో ఒకసారి, నెలకోసారి, డిశ్చార్జ్‌లో ఒకసారి. మార్కులు నర్సు, ఓటీ, ఫిజియో కలిసి వెయ్యాలి, అప్పుడే ఒకరి పని ఒకరికి తెలుస్తుంది.

పంపడానికి చోట్లు: వెల్లూరు సీఎంసీ వారి మేరీ వర్గీస్ ఇన్‌స్టిట్యూట్ బాగాయంలో ఉంది, 1966 నుంచి. మనకి దగ్గర, తెలుగు పేషెంట్లు ఎక్కువ, అందుకే నా మొదటి ఓటు దానికి. ఢిల్లీ వసంత్‌కుంజ్‌లో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్. తమిళనాడు తెన్‌కాశి జిల్లా ఆయికుడిలో అమర్ సేవా సంగం, ఆసుపత్రి తర్వాతి దశ, ఊళ్లో బతుకు ఎలా అనేది చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ఖర్చు భరించగలిగితే ఢాకా దగ్గర సావర్‌లోని సీఆర్‌పీ (పక్షవాతం వచ్చినవాళ్ల రిహాబ్ సెంటరు), వాలరీ టేలర్ 1979లో మొదలుపెట్టింది. తక్కువ డబ్బుతో మొత్తం వ్యవస్థ ఎలా నడపాలో చూడ్డానికి దానికి సాటి తక్కువ.

ఒంటరిగా ఎవర్నీ పంపకండి. ఒక ఫిజియో, ఒక నర్సు జంటగా వెళ్లాలి. ఒక్కరే వెళ్లొస్తే తిరిగొచ్చాక వాళ్ల మాట ఎవరూ వినరు. ‘అక్కడ చెల్లుతుంది, ఇక్కడ కాదు’ అంటారు. వెళ్లే ముందు ఆ సెంటరు వాళ్లకి ఒక ఉత్తరం రాసి, చూడాల్సినవి ముందే చెప్పండి: ఉదయపు బవెల్ కేర్, సీఐసీ నేర్పే క్లాసు, టీమ్ మీటింగ్, ఇంటికి పంపే ముందు ప్లానింగ్. లేకపోతే జిమ్ తిప్పి చూపించి పంపించేస్తారు.

---

ఓటీ_బెంగళూరు:

వీల్‌చైర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్ల్యూహెచ్ఓ వీల్‌చైర్ సర్వీస్ ట్రైనింగ్ ప్యాకేజీ ఉచితం. బేసిక్ 2012లో, ఇంటర్మీడియట్ 2013లో వచ్చాయి. ట్రైనర్ పుస్తకాలు, వీడియోలు, ఫారాలు అన్నీ ఉంటాయి. బేసిక్ అయిదు రోజుల్లో చెప్పొచ్చు. సపోర్టు లేకుండా నిటారుగా కూర్చోగలిగేవాళ్లకి బేసిక్ చాలు, మెడ దెబ్బ కేసులకి ఇంటర్మీడియట్ కావాలి. బెంగళూరులో మొబిలిటీ ఇండియా వాళ్లని అడిగితే ట్రైనర్ దొరికే అవకాశముంది. చైర్ తోయడం, గట్టు ఎక్కించడం నేర్పడానికి కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ వారి వీల్‌చైర్ స్కిల్స్ ప్రోగ్రామ్ మెటీరియల్ కూడా ఉచితమే.

కొలతలు మీ ఓటీ ఒక్కరికే కాదు, ఫిజియోలకి కూడా రావాలి. సీటు వెడల్పు తుంటి వెడల్పుకి సరిపోవాలి. సీటు లోతు, వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి 3 నుంచి 6 సెం.మీ. తగ్గించాలి. ఫుట్‌రెస్ట్ నేలకి కనీసం 5 సెం.మీ. పైన ఉండాలి, మన ఊరి రోడ్లకి అది కూడా తక్కువే. క్యాంపులో పంచే ఒకే సైజు చైర్‌లో సన్నటి మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు, ఆర్నెల్లలో వెన్ను వంకర, ఒక పిర్ర మీద పుండు.

కుషన్ చూసే పద్ధతి నర్సులకి కూడా నేర్పండి, ఖర్చు లేనిది. పేషెంటు చైర్‌లో కూర్చున్నాక, చెప్పి, పిర్ర ఎముక కిందికి వేళ్లు పోనివ్వాలి. వేలి కొసలు 5 మి.మీ. అయినా పైకీ కిందికీ ఆడితే పర్లేదు. ఆడకపోయినా సులువుగా బయటికి జారితే జాగ్రత్తపడాలి. వేళ్లు నొక్కుకుపోయి గట్టిగా పట్టేస్తే ఆ కుషన్ పనికిరాదు. రెండు వైపులా చూడాలి. తర్వాత పేషెంటుకి ముందుకి వంగి కూర్చోవడం నేర్పండి. చేతుల మీద లేచి అయిదు సెకన్లలో కూర్చుండిపోతే రక్తం తిరిగి ఆడేంత సమయం ఉండదు. ఒత్తిడి తీసిన ప్రతిసారీ దాదాపు రెండు నిమిషాలు, 15 నుంచి 30 నిమిషాలకోసారి.

ట్రైనర్‌గా వీల్‌చైర్‌లో బతుకుతున్న మనిషిని పిలవండి. గౌరవ వేతనం ఇచ్చి పిలవండి, ఉత్తినే కాదు. మంచం మీంచి చైర్‌లోకి ఎలా మారాలో అతను చూపించిన తర్వాత పేషెంటు మన మాట నమ్ముతాడు.

---

కేస్‌వర్కర్_ఖమ్మం:

క్రెడిట్ల విషయం. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి, అంటే ప్రోస్థెటిస్టులు, రిహాబ్ సైకాలజిస్టులు లాంటివాళ్లకి, అయిదేళ్లలో 100 సీఆర్ఈ (నిరంతర రిహాబ్ విద్య) పాయింట్లు కావాలి. ఫిజియోలు, ఓటీలు ఆర్‌సీఐ కిందికి రారు. వాళ్లు 2021 అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి వస్తారు. నర్సులకి రెన్యువల్‌కి అయిదేళ్లలో 150 సీఎన్ఈ (నిరంతర నర్సింగ్ విద్య) గంటలు. కాబట్టి వార్డులో మీరు పెట్టే క్లాసులకి స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ముందే తీసుకుంటే ఆ గంటలు నర్సులకి లెక్కకొస్తాయి. అనుమతి క్లాసుకి ముందు, తర్వాత కాదు. హాజరుపట్టీ, ట్రైనర్ బయోడేటా భద్రంగా పెట్టుకోండి.

పరిచయాల గురించి: దేశంలో స్పైనల్ కార్డ్ సొసైటీ, ఆసియా స్థాయిలో ఏఎస్‌సీఓఎన్ (ఏషియన్ స్పైనల్ కార్డ్ నెట్‌వర్క్) ఉన్నాయి, సమావేశాలు పెడతాయి. వెళ్లండి, కానీ పోస్టరు అతికించి ఫోటో దిగి వచ్చేస్తే ఏమీ మిగలదు. మీకు నిజంగా పనికొచ్చేది నాలుగైదు వార్డులు కలిసి నెలకోసారి గంటసేపు వీడియో కాల్‌లో పెట్టుకునే కేసు మీటింగు. ఒక్క కేసే, ఒక్క పేజీలో: లెవెల్, ఏసియా గ్రేడ్, ఎస్‌సీఐఎం, పుండ్లు, బ్లాడర్ పద్ధతి, ఇంట్లో ఎవరున్నారు, మా ప్రశ్న ఇది. చివరిది లేకపోతే మీటింగు కథాకాలక్షేపం అవుతుంది. ప్రశ్న తెచ్చినవాళ్లు వచ్చే నెల, సలహా ప్రకారం ఏం చేశారో రెండు నిమిషాల్లో చెప్పాలి. మీ ఆపరేషన్లు చేసే హైదరాబాద్ సర్జన్ల వైపు నుంచి ఒకరిని కూడా లాక్కురండి, డిశ్చార్జ్ సమ్మరీలు వాటంతటవే బాగుపడతాయి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటే పుండు ఫోటోలు పంపడం మొదలవుతుంది. పేషెంటు అనుమతి కాగితం మీద ఉండాలి, ముఖం, ఆధార్, కేస్‌షీట్ నంబరు కనపడకూడదు. పక్కన స్కేలు పెట్టి తీస్తే రెండు వారాల తర్వాత పోల్చుకోవచ్చు.

---

నల్లగొండ_ఫిజియో:

చాలా థాంక్సండీ. ఒక్క సందేహం. వెల్లూరుకి జంటని మొదట పంపి, వాళ్లు వచ్చాక వార్డు ట్రైనింగ్ మొదలుపెట్టమంటారా? లేక వార్డులో ముందు మొదలుపెట్టి తర్వాత పంపాలా? ఇద్దరు నర్సులకి క్యాథెటర్ వెయ్యడం తప్ప ఈ రంగంలో అనుభవం లేదు.

---

నర్స్‌ట్యూటర్_వైజాగ్:

ముందు వార్డులోనే. ఆరు వారాలు పొజిషన్ చార్టు, సీఐసీ చార్టు నడిపాక పంపండి. అప్పటికి వాళ్ల దగ్గర అడగడానికి సరైన ప్రశ్నలు ఉంటాయి: ‘మా పేషెంటుకి తెల్లవారుజామున 700 వస్తోంది, మీరైతే ఏం చేస్తారు’ లాంటివి. ముందే పంపితే అక్కడి భవనం చూసి వస్తారు.

కొత్త నర్సులిద్దరినీ మొదటి పది క్యాథెటర్లు మోడల్ మీద కాకుండా, అనుభవమున్న నర్సు పక్కన నిలబడి ఉండగా పేషెంట్లకే వేయించండి. స్పర్శ లేని పేషెంటు కాబట్టి నొప్పి అని చెప్పడు, బలవంతంగా నెట్టితే తెలియదు. ఎక్కడ ఆగిందో అక్కడ నెట్టకుండా ఒక నిమిషం ఆగడం, జెల్లీ ఇంకొంచెం పెట్టడం అలవాటవ్వాలి. రక్తం వస్తే ఆపి డాక్టరుకి చెప్పాలి, ఆ షిఫ్టులోనే చార్టులో రాయాలి.

---

పీటీ_సికింద్రాబాద్:

నేను దీనికి సగమే ఒప్పుకుంటాను మేడమ్. నర్సుల వరకు మీరన్నదే కరెక్టు. ఫిజియోలు మాత్రం మొదటి అడ్మిషన్‌కి ముందే ఇన్‌స్టెప్ పూర్తి చెయ్యాలి. మొదటి రోజు ఏసియా చార్టు తప్పుగా పడితే, తర్వాత మూడు నెలల ప్రోగ్రెస్ మొత్తం ఆ తప్పు లెక్క మీదే నడుస్తుంది. సార్, మీ పీఎంఆర్ డాక్టరుగారు వచ్చే రెండు రోజుల్లో ఒకటి అడ్మిషన్ల రోజుగా పెట్టుకోండి. మలద్వారం పరీక్ష ఆయన చేతుల మీదుగా, ఫిజియో పక్కన ఉండగా అయిపోతుంది.

---

నల్లగొండ_ఫిజియో:

అర్థమైందండీ. అడ్మిషన్లు మంగళవారానికి మారుస్తున్నాం. వైజాగ్ మేడమ్, మీ చెక్‌లిస్టు తెలుగులో ఉంటే పెట్టగలరా? నెలవారీ కేసు మీటింగుకి ఖమ్మం, సికింద్రాబాద్ వాళ్లు సిద్ధమైతే మొదటి కేసు మేం తెస్తాం. టీ4, ఏసియా ‘బి’ (కింద స్పర్శ కొంత ఉంది, కదలిక లేదు), గీత కార్మికుడు, త్రికాస్థి మీద మూడో స్టేజి పుండుతో వచ్చాడు. ఇంట్లో భార్య ఒక్కతే. మా ప్రశ్న: పుండు మానేదాకా అతన్ని రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టొచ్చు, ఏ కుషన్ మీద?

---

ఓటీ_బెంగళూరు:

నన్ను కూడా కలపండి. మీటింగుకి ముందు రెండు వైపులా వేలి పరీక్ష చేసి ఏ స్థాయిలో ఉందో రాయండి, ఇప్పుడు వాడుతున్న కుషన్ మందం, ఫోమ్ అయితే కొని ఎన్నాళ్లయిందో కూడా. అంతవరకు ఆ పుండు మీద కూర్చోబెట్టొద్దు. బోర్లా పడుకోవడానికి సర్జన్ ఒప్పుకుంటే, ఛాతీ కింద దిండ్లు పెట్టి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి.